పచ్చగీత మీద తువ్వాలు

వర్క్‌షాపు గేటుకెదురుగా ఉన్న టీకొట్టులో మీటర్ల మావయ్య గొంతు సవరించుకున్నాడంటే, వెనక బల్ల మీద కూర్చున్న ఆయన భార్యకి రాబోయే కథంతా ముందే తెలుసు. ముప్పై ఏళ్లుగా వింటోంది మరి. ఆ వర్క్‌షాపులో మీటర్లు బాగుచేసే గదిలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఆయన మెకానిక్కు, ఆవిడ రోజుకూలీ మీద వైర్లు అతికే మనిషి. ఇవాళ ఆ గది ఖాళీ చేస్తున్నారనీ, కరెంటు తీరుని తెర మీద పచ్చగీతగా చూపించే పాత ఆసిలోస్కోపుని నాలుగింటికి తుక్కుబండి ఎక్కిస్తారనీ తెలిసి కడసారి చూద్దామని వచ్చారు. తీరా వచ్చాక, కొత్త ఇన్‌చార్జి అమ్మాయి టీ తాగుతూ కనబడేసరికి ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

"ఆ స్కోపు నా చేతుల్లోనే బతికిందమ్మా," అని మొదలెట్టాడు. "లోపల ఏడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. చిన్న రేకు డబ్బాలు, నాలుగేసి కాళ్లు. ఏళ్లు గడిస్తే డబ్బా లోపల మీసాలు మొలుస్తాయి, వెంట్రుక కన్నా సన్నంగా. అవి డబ్బాకి తగిలాయా, తెర మీద గీత మాయం. ఒకటి అలా పోతే మార్చాను. పెద్ద గొప్పేం కాదనుకో."

"అంతేనా?" అన్నాడు పక్కనున్న దర్జీ.

"అంతే అయితే చెప్పటం ఎందుకూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకటి మార్చేసరికి రెండోది పోయింది, రెండోది మారిస్తే మూడోది, ఇలా కాదని ఏడూ మార్చి పారేశాను, కరెంటు ఆపకుండా, ఈ టీ చల్లారేలోపు. అప్పటికే ఆ సరుకు రావటం మానేసిందా, పాత రేడియోల గుట్టల్లో పడి ఏరుకొచ్చాను. ఏది మంచిదో చూడ్డానికి మీటరు కూడా అక్కర్లేదు, దాని కాలు నాలుక మీద పెట్టుకుంటే చాలు, తియ్యగా ఉంటే మంచిదన్నమాట."

"చేదుగా ఉంటే?" అన్నాడు టీకొట్టాయన.

"నీ టీలో వేసేవాణ్ణి."

అందరితో పాటు ఆవిడా నవ్వింది. నాలుక సంగతి ఈ ఏడాదే కొత్తగా చేరింది.

"స్విచ్చి నొక్కితే పచ్చగీత వచ్చింది చూడూ, ఎంత తిన్నగా వచ్చిందంటే, బయట గోడ కడుతున్న మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, అయ్యా మా తాడు కుదరట్లేదు, ఓ పూట మీ గీత ఇస్తారా అని బతిమాలాడు. ఇచ్చాను. అదిగో ఆ గోడే, ఇవాల్టికీ వంగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరిగొచ్చిన గీత తెరలో పట్టలేదు, బారెడు ఇవతలికి పొడుచుకొచ్చింది. వానాకాలం, భుజం మీద తువ్వాలు తడిసిపోయింది, ఇదిగో ఇలాంటిదే. ఎక్కడ ఆరెయ్యాలో తోచక ఆ గీత మీద ఆరేశాను. అరగంటలో ఆరటమే కాదు, ఇస్త్రీ కూడా అయిపోయింది."

"గీత రెండో కొస దేనికి కట్టారు మావయ్యా?" అన్నాడు దర్జీ.

"కిటికీకి."

ఇన్‌చార్జి అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "మాస్టారూ, సమయానికి దొరికారు. గీత రావట్లేదనే దాన్ని తుక్కులో వేస్తున్నాం. పనిచేస్తే ఉంచుకోమన్నారు పైవాళ్లు. ఇంకా గంట టైముంది, రండి, మూత విప్పుదాం."

మావయ్య గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "మూతా? ఇప్పుడా? కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా."

కళ్లజోడు ఆయన జేబులోంచి తొంగిచూస్తోంది. నలుగురిలో మొగుణ్ణి చిన్నబుచ్చటం ఆవిడకి ఇష్టం లేదు. ఊరుకుంటే స్కోపు బండెక్కేస్తుంది. ఆవిడ వయసులో ఉన్న రోజులన్నీ ఆ పచ్చటి వెలుగు ముందే గడిచాయి. నన్ను పెళ్లి చేసుకుంటావా అని ఆయన నసుగుతూ అడిగింది కూడా ఆ వెలుగులోనే.

"నేనొస్తాను పదమ్మా," అంటూ లేచింది. "ఈయన ఏడు మార్చానన్నది కోతే. స్టోరులో దొరికినవే మూడు. అందులో రెండిటిని ఈయన సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చేశారు. జెర్మేనియం వేడికి ఓర్చుకోదు. కాలుని ప్లయరుతో పట్టుకుంటే ఆ వేడి ప్లయరు లాక్కుంటుంది. అలా పట్టుకుని మూడోదాన్ని నేను అతికాను. తక్కిన ఆరింటికీ నాలుగో కాలు కత్తిరించాను. డబ్బాని కలిపేది ఆ కాలే, అది తెగితే మీసం తగిలినా పని నడుస్తుంది. కొత్తది కదా అని ఆ ఒక్కదాన్నీ వదిలేశాను. ఈపాటికి దానికీ మీసాలొచ్చుంటాయి."

టీకొట్టు గొల్లుమంది. "మరి గోడ సంగతో?" అన్నాడు దర్జీ. మావయ్య గ్లాసు అడుగుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా ఆగకుండా రోడ్డు దాటింది.

గదిలో బీరువాలు పోయాయి, కాలిన మచ్చల బల్లా, దాని మీద స్కోపూ మిగిలాయి. అమ్మాయి స్క్రూలు విప్పుతుంటే ఆవిడకి గుర్తొచ్చింది. అప్పట్లో మూత ఆయనే బిగించేవాడు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చూస్తే ఆయన ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మూత లోపల ఏదో రాసుందండీ, పెన్సిలుతో," అంది అమ్మాయి, వెలుతురుకి పట్టుకుని చదివింది. "రెండు కాల్చింది నేను. బాగుచేసింది ఆవిడ. కూలివాళ్ల పేరు రిజిస్టరులో రాయనివ్వలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను." కింద ముప్పై ఏళ్లనాటి తేదీ.

ఆవిడ గుమ్మంకేసి తిరిగింది. "ఇన్నేళ్లూ నాతో చెప్పలేదేమండీ?"

"బయట అన్ని కోతలు కోశాక, ఈ ఒక్కటీ నిజమంటే నువ్వు మాత్రం నమ్ముతావా?" అన్నాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వచ్చి టార్చి పట్టుకున్నాడు.

చెమ్మగిల్లిన కళ్లు చెంగుతో తుడుచుకుని ఆవిడ కట్టరు అందుకుంది. ఏడోదాని నాలుగో కాలు టక్కున తెగింది. స్విచ్చి నొక్కి, తెర వేడెక్కేదాకా ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. పచ్చగీత కాస్త వణికి, తిన్నగా నిలిచింది. గేటు దగ్గర తుక్కుబండి హారన్ మోగింది. దాన్ని వెనక్కి పంపటానికి అమ్మాయి పరుగెత్తింది.

ఆవిడ ఆయన భుజం మీది తువ్వాలు లాగి చేతిలో పెట్టింది.

"ఆరెయ్యండి," అంది.