సంచిలో నల్ల మన్ను

గోదావరిఖని, 2009. అప్పుడే తెల్లవారింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్వి పోసిన మట్టిగుట్ట కింద, రిటైరైన గని కార్మికుడు గట్టయ్య సైకిల్‌ను సెక్యూరిటీ గార్డు ఆగయ్య ఆపాడు. క్యారేజీ మీద సంచి ఉంది.

“మన్నా? మన్ను గింత నల్లగుంటదా కాక?”

“ఉంటది.”

“ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగినోనివి. బొగ్గుకు, మన్నుకు ఫరక్ తెల్వదా?”

“తెలుసు గనుకనే మన్ను అంటున్న.”

“నాలుగు దినాలసంది సూస్తున్న. రోజు గిదే టైముకు సంచి. మూతి విప్పు.”

“విప్పుత గని... చెయ్యి పెట్టకు.”

“ఎందుకు పెట్టద్దు? అడుగున ఏం దాసినవ్?”

“ఏం లేదు. వద్దంటున్న గదా ఆగయ్యా!”

“పెట్టిన. ఏందిది... మెత్తగున్నది. వాన పడ్డ అడవి లెక్క వాసనొస్తుంది. యాడిది?”

“మా ఇంటెనుకది.”

“ఇంటెనుక ఏడ?”

“ఇంటెనుకనే.”

“సక్కగ చెప్పు. లేకుంటె సారును పిలుస్త.”

“పాయిఖాన గుంతలది.”

“థూ! నీళ్లు... నీళ్లున్నయా? ముందుగాల చెప్పద్దా!”

“పెట్టకన్న గదా.”

“దీన్ని సైకిల్ మీద ఏసుకొని తిరుగుతున్నవా? దేనికి? చేతబడికా?”

“పిచ్చి లేసిందా నీకు? గుట్ట మీద యాప మొక్కలు పెట్టిన. రాళ్లమట్టిల బతుకుతలేవు. వాటి మొదట్ల పోస్త. గిప్పుడిది మన్నే. ఇంటెనుక రెండు గుంతలు తవ్విన, అడుగున సిమెంటు లేకుంట. ఒకటి నిండంగనే మూసి రెండోది వాడినం. రెండేండ్లు ముట్టలే. పురుగులు, ఎర్రలు తిని మన్ను చేసినయ్.”

“గీ ఇద్దె ఎవరు నేర్పిండ్రు?”

“అడవి. చిన్నప్పుడు బర్లు కాసిన. పేడ, రాలినాకు, సచ్చిన పిట్ట... అడవి దేన్నన్న బయట పారేస్తదా? ఉన్నకాడనే మన్ను చేసుకుంటది.”

“అందరు ట్యాంకి కట్టుకుంటరు, నిండితె తియ్యనీకి మనిషిని పిలుస్తరు. నీకెందుకు గీ గోస?”

“ఊకె.”

“ఊకె ఎవరు చేస్తరు? ఇంక ఏందో దాస్తున్నవ్.”

“మా తమ్ముడు పోశం ఎట్ల పోయిండో ఎర్కేనా?”

“గుండె ఆగిందన్నరు.”

“నేనే గట్ల చెప్పిన, సిగ్గుకు. వాడు పని దొరకక ట్యాంకిలు తీసేటోళ్లతోని పోయిండు. మూత తీసిండ్రు, దిగిండు. లోపటి గాలికి కూలవడ్డడు, మల్ల ఎక్కలే. బొగ్గుబాయిల దీపం పెట్టి గాలి సూసి దిగుతం. ఆడ ఎవరు సూస్తరు?... ఏంది, గట్లయిపోయినవ్?”

“సంచి దించు కాక. జల్ది! సైకిల్ ఇటియ్యి. మా ట్యాంకి తియ్యనీకి ఒకన్ని రమ్మన్న, గీ పాటికి మూత తీసుంటడు!”