మేక ముందా, గొడుగు ముందా

నా పేరు, చిరునామా మొదటి కాగితంలో రాసి ఇచ్చాను. వయసు ఇరవై నాలుగు. ముసలితనంలో మెదడు ఎలా మారుతుందో, మతిమరుపు ఎలా మొదలవుతుందో పరిశోధించే కేంద్రంలో సహాయకురాలిని. పరీక్ష మాటలున్న కాగితాన్ని నేను బయటపెట్టానని మా డాక్టరుగారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. నేను బయటపెట్టలేదు. ఆ కాగితం ఉండే బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ మాట నిజమే.

పరీక్ష ఇది. నేను ఐదు మాటలు చదువుతాను: గొడుగు, ఉత్తరం, మేక, గుమ్మడికాయ, నిచ్చెన. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, మళ్ళీ అడుగుతాను. ఎన్ని గుర్తుంటే అన్ని మార్కులు. అందరికీ అవే మాటలు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మొదట వచ్చినవారు దర్జీ తాతగారి భార్య. ఆవిడకు మతిమరుపు లేదు. పోల్చి చూడడానికి ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ పరీక్ష పెడతాం. ఐదుకు ఐదూ చెప్పి, తొమ్మిది యాభైకి బయట బెంచీ దగ్గరికి వెళ్ళారు. పదీ ఐదుకు తాతగారు లోపలికి వచ్చారు. పోయినసారి ఆయనకు వచ్చింది ఒకటి. ఈసారి ఐదు. ఆయన తర్వాత వచ్చిన ఏడుగురికీ ఐదే.

డాక్టరుగారు రిజిస్టరు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మనం వీళ్ళతో చేయించిన జ్ఞాపకశక్తి వ్యాయామం పనిచేసింది అమ్మాయీ!" అన్నారు. వెంటనే కేంద్రం పెద్దలకు ఫోన్ చేశారు.

పన్నెండున్నరకు ఆఖరి మనిషి, రిటైరైన పోస్ట్‌మాన్ గారు లోపలికి వచ్చారు. తలుపు వేసి కూర్చోమన్నాను.

"మేక, గొడుగు, నిచ్చెన, గుమ్మడికాయ, ఉత్తరం. వెళ్ళొచ్చా?" అన్నారు.

నేనింకా కాగితం తెరవలేదు. డాక్టరుగారు నా వెనకే నిలబడి ఉన్నారు.

మధ్యాహ్నం మూడింటికి అందరినీ స్టేషనుకు పిలిచారు. "తాళం నీ దగ్గర. ఇంకెవరిస్తారు? రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు డాక్టరుగారు. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. ఎవరు ఏ వరసలో చెప్పారో రాసిన రిజిస్టరు మాత్రం ఎస్సైగారి ముందు తెరిచిపెట్టాను. కాగితంలో మొదటి మాట గొడుగు. తాతగారి దగ్గర్నుంచి తొమ్మిదిమందీ మేకతో మొదలుపెట్టారు. కాగితం చూసినవాళ్ళు మేకతో ఎందుకు మొదలుపెడతారండీ అన్నాను.

ఎస్సైగారు రెండుసార్లు చదివి, "ఇంతకీ ఈ మేక ఎవరిది?" అన్నారు.

దర్జీ తాతగారి భార్య నా వైపు చూసి లేచారు.

"ఆ పిల్లను వదిలెయ్యండి బాబూ. మేక నాదే."

మార్కులు తగ్గితే తాతగారిని ఇక కత్తెర ముట్టనివ్వనని కొడుకు అన్నాడట. అందుకని బెంచీ మీద ఆవిడ ఆయనకు కథ కట్టి చెప్పారట. మేక గొడుగేసుకుని నిచ్చెనెక్కి, గుమ్మడికాయ మీద కూర్చుని ఉత్తరం చదివిందట.

"ఈయనకి చెవుడు. అరిచి చెప్పాను. బెంచీ మీదున్నవాళ్ళంతా నేర్చేసుకుంటే నా తప్పా?"

"పద్నాలుగుసార్లు చెప్పావు తల్లీ. ఆ ఉత్తరం నేనే ఇచ్చొచ్చినట్టుంది నాకిప్పుడు" అన్నారు పోస్ట్‌మాన్ గారు.

ఎస్సైగారు తాతగారి చెవి దగ్గరికి వంగారు. "మాటలు మీకెవరు నేర్పారు?"

తాతగారు ఐదు మాటలూ వరసగా చెప్పారు.

"అవి సరే. నేర్పిందెవరు?"

తాతగారు పక్కకు చూశారు. "ఈవిడే. ఎవరో పాపం, మంచావిడ. పొద్దుట్నుంచీ నా సంచి మోస్తోంది."

మేమెవరమూ నవ్వలేదు. మామ్మగారే నవ్వారు. "రాసుకోండి బాబూ, మంచావిడట. కాపురానికొచ్చిన నలభయ్యేళ్ళకి ఇవాళన్నాడు."

ఎస్సైగారు రాయించారు. డాక్టరుగారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. తాతగారితో సహా తొమ్మిదిమంది మార్కులూ కొట్టెయ్యమన్నారు. కొట్టేశాను. కత్తెర సంగతి నన్నెవరూ అడగలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. స్టేషన్ రైటరుగారు పరీక్ష మాటలను మేకతో మొదలుపెట్టి రాశారు. గొడుగు ముందని చెప్పి దిద్దించాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది.

(సంతకం)
పరిశోధన సహాయకురాలు