అత్తగారిని జానెడు తగ్గించిన ఎడిటరు

అచ్చాపీసు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద బావ కూచున్నాడంటే ఆ పూట ఎవరూ పేపరు ముట్టుకోరు. అందరూ బావ అనే పిలుస్తారు గానీ ఆయన ఎవరికి బావో ఎవరికీ తెలీదు. అచ్చాపీసులకి కాగితం అమ్మిపెట్టే ఏజెంటు. కాగితం అమ్మేవాడికి పుస్తకం సంగతి తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుందని ఆయన ధీమా.

ఆ సాయంత్రం పక్కన కూచున్న నర్సక్క మాత్రం నిజంగానే సలహా కోసం వచ్చింది. కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైన మనిషి, ఆ వార్డు ముచ్చట్లే పుస్తకంగా రాసింది. అచ్చాపీసు మేడ మీద గదిలో ఎడిటరమ్మ ఆ కాగితాల్ని ఆవిడ చేతే పైకి చదివిస్తూ, తడబడిన చోటల్లా పెన్సిలు గీత పెట్టిస్తూ వచ్చింది. అంతా బాగానే సాగింది. తీరా అయిపోవచ్చాక, అమ్మ గురించి రాసిన మొదటి అధ్యాయం మొత్తం తీసెయ్యమంది. "బాగుంది, కానీ ఈ పుస్తకంలోది కాదు" అంది. చీకటి పడేలోగా అవునో కాదో చెప్పాలి, రేపు అచ్చుకెళ్తుంది. ఇన్నేళ్లూ నొప్పులు పడేవాళ్లకి ధైర్యం చెప్పిన మనిషికి తనదాకా వచ్చేసరికి ధైర్యం చాల్లేదు.

"నీకూ సొంత ఎడిటరు ఉండేవాడన్నావుగా బావా, ఎలా పనిచేసేవాడు?" అని అడిగింది.

అడగడమే ఆలస్యం.

"ఎలా ఏముందక్కా, మామూలుగానే. పొద్దున్నే వచ్చాడు, నా కాగితాల కట్ట ముందేసుకున్నాడు, ఓ రెండు చోట్ల గీత కొట్టాడు, మూడో చోట కొట్టబోయి ఆగిపోయాడు. ఏమయ్యా అంటే, 'ఇంత చక్కటి వాక్యాన్ని కొట్టడానికి చేతులు రావడం లేదండీ' అని కళ్ళు తుడుచుకున్నాడు. అయినా నేనే కొట్టమన్నాను, మనకి అహంకారం లేదుగా. ఇక చూస్కో, చెయ్యి అలవాటైపోయింది వాడికి. గీస్తాడు, పెన్సిలు చెక్కుతాడు, గీస్తాడు, చెక్కుతాడు. ఆ చెక్కిన పొట్టుతోనే చలికాలమంతా మా ఇంట్లో వేణ్ణీళ్లు కాచుకున్నాం."

"పొట్టుతోనా?" అన్నాడు ఎదురు బెంచీ మీద టీ తాగుతున్న అచ్చాపీసు బైండరు, పుస్తకాలు కుట్టేవాడు.

"నువ్వు మధ్యలో కుట్లేయకు, బైండింగు కాదిది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయిదో అధ్యాయంలో వాన రాశాను. అది చదువుతూ చదువుతూ వాడు గొడుగు తెరిచాడు. 'వాన మరీ ఎక్కువైందండీ' అని కొట్టేశాడు. అంతే, మా వీధిలో కాలవలు ఎండిపోయాయి. మళ్ళీ నీళ్లు పారాలని వాణ్ణి బతిమాలి రెండు వాక్యాల వాన తిరిగి పెట్టించాను."

టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు. నర్సక్కకి నవ్వొచ్చింది గానీ, ఎక్కడో ఓ నిజమైన ముక్క దొరుకుతుందేమోనన్న ఆశ ఇంకా చావలేదు. "మనుషుల గురించి రాసినవి కూడా తీసేశాడా?" అంది.

"తీసెయ్యడమా! మా అత్తగారి పాత్ర పొడుగైందన్నాడు. నేను సరే అన్నాను. అక్కడో పేరా, ఇక్కడో పేరా తగ్గించాడు. ఆ ఆదివారం ఆవిడ మా ఇంటికొస్తే ఏముందీ, మనిషి జానెడు పొట్టి! చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడుతున్నాయి. మా ఆవిడ నా మీద ఇంతెత్తున లేచింది. నేనేం చెయ్యను, ఎడిటరు మాట!"

"మాటలు కూడా తగ్గాయా ఆవిడకి?" టీకొట్టాయన ఆశగా అడిగాడు.

"అది వాడివల్ల కూడా కాలేదు. సరే, అసలు సంగతి విను. కొట్టగా కొట్టగా పుస్తకం తేలికైపోయింది, ఫ్యాను వేస్తే ఎగిరిపోతోంది, తాడేసి మంచంకోడుకి కట్టాం. వాడికేమో పూనకం ఆగడం లేదు. చివరికి కొట్టడానికి ఏమీ మిగల్లేదు. అటూ ఇటూ చూశాడు. ఆఖరి పేజీలో 'సవరించినవారు' అని వాడి పేరుంది. దాన్నీ కొట్టేశాడు. తలెత్తి చూద్దును గదా, కుర్చీలో మనిషి లేడు! కళ్లద్దాలు మాత్రం ఉన్నాయి. అందుకే వాణ్ణి మీకెవరికీ పరిచయం చెయ్యలేకపోయాను."

బైండరు పొలమారి టీ కక్కుకున్నాడు. నర్సక్క మాత్రం నవ్వలేదు.

"ఒక్కటి చెప్పు బావా. వానా పోయింది, అత్తగారూ తగ్గింది, ఆఖరికి ఎడిటరే పోయాడు. వీటిల్లో నీకు ఏది పోయినప్పుడు కష్టమనిపించింది?"

"కష్టమా? నాకెందుకక్కా కష్టం? కాలు మీద కాలేసుకుని చూస్తూ కూచున్నాను."

"అదీ సంగతి. మా అమ్మ పేజీలు తియ్యమన్నప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. రాసింది నేను గనక నొప్పెడుతోంది. ఇంత నొప్పెట్టేది తీస్తే తప్పేమోనని ఇందాకటిదాకా అనుకున్నాను. నొప్పెట్టిందని ఏ బిడ్డనీ లోపలే ఉంచుకోలేదు నేను చూసిన తల్లులు. ఆ పేజీలు దానికదే వేరే పుస్తకం. బయటికి రానీ."

ఆవిడ లేచి సంచీ భుజాన వేసుకుంది. గుండె బరువుగానే ఉంది, కాళ్ళు మాత్రం మేడ మెట్ల వైపు తిరిగాయి. బావ మొట్టమొదటిసారి మాట తడుముకున్నాడు. "నాకూ నొప్పెట్టే ఉంటుందక్కా, మర్చిపోయుంటాను. ఈసారి వాణ్ణి జాగ్రత్తగా కొట్టమంటాను."

"ముందు ఒక్క పేజీ రాయి బావా. కొట్టడానికైనా ఏదో ఒకటి ఉండాలిగా!"