రెడ్డెప్ప పెట్టిన సంతకం

స్టేజీ ఎక్కి నేనేం మాట్లాడాల మేడమ్? బెంగళూరు నుంచి శాంతిపురం దాకా ఇందుకేనా వచ్చినారు? మా ఆయన పోయి ఏడాది తిరిగినాక ఇప్పుడు గుర్తొచ్చినాడా మీ సంఘానికి?

కూసోండి, కూసోండి. కడుపు మంటతో అంటాండాను.

బెంగళూరులో మీరు పెట్టిన ఆ మీటింగుకు ఆయనతో నేనూ వచ్చింటి గదా. దేశాలన్నీ కలిసి లంచాలు వద్దని ఒప్పందం సేసుకున్నాయి, వ్యాపారం సేసేవాళ్ళూ దానికి అండగా ఉండాలని మీరే మైకులో సెప్తిరి. లంచం ఇచ్చేది లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టను అందరికన్నా ముందు లేసిందెవురు? మా రెడ్డెప్పే! కొత్త సొక్కా ఏసుకోని, పెండ్లికొడుకు మాదిరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకటే సంబరం. "శాంతా, ఇంక ఎవురి ముందరా సేతులు కట్టుకోని నిలబడే పన్లేదు. గ్రానైటోళ్ళమంతా ఒకటి" అన్నాడు.

ఒకటి! యాడుండారు మేడమ్ వాళ్ళంతా?

రాళ్ళు బయటికి పంపే పర్మిట్లకు పోతే గనుల ఆఫీసులో ఎప్పుడూ అడిగేదే అడిగిరి. "ఇయ్యనప్పా, సంతకం పెట్టుండాను" అన్నాడు. నవ్విరంట. పాలిష్ పట్టిన రాళ్ళు మా ఫ్యాక్టరీలోనే నిలిచిపాయ. ఆ ఒప్పందం శానా మంచిదని అదే మీటింగులో పొగిడిన ఫారిన్ కంపెనీ ఉండాదే, అది సరుకు లేటయిందని ఆర్డరు ఎత్తి శివకుమార్‌కు ఇచ్చేసింది. మా పక్క ఫ్యాక్టరీ ఆయప్ప. ఆయప్పా సంతకం పెట్టినోడే!

"ఏమప్పా, నువ్వూ పెట్టినావు గదా?" అని అడగను పొయినాడు మా ఆయన.

"అది బెంగళూరులోనప్పా. ఈడ కాదు" అన్నాడంట.

వచ్చి, నిలిచిపోయిన మిషన్ల మధ్యన స్టూలేసుకోని కూసున్నాడు. నేను పోయి బతిమాలితి. "ఇచ్చేద్దామయ్యా. పనోళ్ళు ఏం తింటారు?"

"శాంతా, ఆ కాగితం మీద నేను రాసింది నా పేరు" అన్నాడు. అంతే.

మీ సంఘానికి ఫోన్ సేసి సెప్పుకున్నాడు, మీకు తెలుసునో లేదో. "అందరితో మాట్లాడి మేమే ఫోన్ సేస్తాము" అన్నారంట. ఆ మాటే పట్టుకోని ఉండె.

గుండెనొప్పి వచ్చి కుప్పం ఆస్పత్రిలో సేర్చినాము. మూతికి ఆక్సిజన్ పెట్టుండారు. దాన్ని పక్కకు జరిపి అడిగినాడు: "సంఘమోళ్ళు ఫోన్ సేసినారా?"

యాడ మేడమ్? ఎవురు సేసినారు?

"సేసినారయ్యా" అంటి. "అందరూ నీ తట్టే ఉండారంట. శివకుమార్ కూడా."

ఆ మొగాన ఎంత ఎలుగొచ్చిందో! "సూసినావా, నేను సెప్పలా?" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట.

ఇప్పుడు సెప్పండి. స్టేజీ మీద ఈ మాట సెప్పమంటారా?