బడి ముంగట మిర్చి బండి

చందానగర్‌లో ఒక చిన్న దవాఖాన వరండా. లోపల ఏడేళ్ల అఖిలకు సెలైన్ ఎక్కుతోంది. బయట తల్లి సంధ్య, హైటెక్ సిటీ దగ్గర తన నూడుల్స్ బండిని వదిలిపెట్టి అప్పుడే పరుగెత్తుకొచ్చిన తండ్రి రాజేందర్.

“నువ్వే ఏదో పెట్టి ఉంటవ్. లేకుంటే గిన్ని వాంతులు ఎట్లయితయ్?”

“పొద్దుగాల పప్పన్నం కలిపి పెట్టిన. నేనూ గదే తిన్న. నాకేమన్న అయిందా?”

“మరి డాక్టర్ ఏమంటుండు?”

“మాడిన నూనెల ఏంచిందేదో తిన్నదంట. కడుపంత పుండయిందంట. రేపటిదాంక ఏం చెప్పలేనన్నడు.”

“చెప్పలేనంటే?”

“చెప్పలేనంటే చెప్పలేననే. ఇగ నన్నడుగకు.”

“మాడిన నూనె మనింట్ల యాడ్ది? నా బండి మీది మంచూరియా ఒక్కనాడన్న ఇంటికి తెచ్చిన్నా? పిల్ల కింద పడి ఏడ్చినా తేలే.”

“గదే అడుగుతున్న. ఎందుకు తేలే?”

“ఎందుకంటే... పిల్లలకు మంచిది కాదు.”

“కంప్యూటర్ సార్లకు మంచిదా?”

“వాళ్లకు గదే కావాలె. మొదాల ఇడ్లీ పెట్టిన, ఎవడన్న ముట్టిండా? ఇంత ఎర్ర రంగేసి, మంట మీద కడాయి ఎగరేస్తే లైన్ల నిలబడుతున్నరు. నేనేం జెయ్యాలె?”

“మొన్న ఎవరో మేడం కడుపునొప్పని లొల్లి జేసిందన్నవ్.”

“జేసింది. తెల్లారి మల్లొచ్చి గదే తిన్నది. ఇప్పుడు గా ముచ్చటెందుకు? పిల్ల ఏం తిన్నదో చెప్పు. యాడ తిన్నది?”

“బడి ముంగట. మిర్చి బజ్జీలు. వారం సంది రోజూ తింటున్నదంట. దాని క్లాసుల ఇంకో ఇద్దరు గూడ పడ్డరు.”

“పైసలు ఎవరిచ్చిండ్రు?”

“నువ్వే. బండికి పోయేటప్పుడు ఏడ్వొద్దని చేతుల పెడ్తవు గదా.”

“చాక్లెట్ కొనుక్కోమని ఇచ్చిన.”

“‘నాయిన ఊరందరికి ఏంచి పెడ్తడు, నాకే పెట్టడు’ అంటదది. ఇంట్ల రొట్టె జేస్తే ముట్టది. అందుకే కొనుక్కున్నది.”

“ఊకో. వాడెవడో చెప్పు. పోయి వాని కడాయి వాని నెత్తిమీదనే బోర్లిస్త. చిన్నపిల్లలకు గిసోంటిది అమ్ముతడా? మనిషేనా వాడు?”

“కూసో.”

“పేరు చెప్పమంటున్న.”

“బాలనర్సయ్య.”

“ఏ... ఏ బాలనర్సయ్య?”

“ముసలాయన. కుంటుకుంట నడుస్తడు.”

“ఆయన కొత్తగూడ అడ్డా కాడ గదా అమ్మేది? కూలోళ్లకు.”

“అడ్డా కాడ గిరాకి లేదని బడి కాడికి మారిండు. ఆయన నీకెట్ల ఎరుక?”

“ఎట్ల ఎరుకంటే... బండ్లోళ్లకు బండ్లోళ్లు ఎరుకుండరా? జర ఆగు, నీళ్లు తెస్త.”

“నీళ్లున్నయ్. కడాయి బోర్లిస్తనంటివి గదా. పో మరి.”

“పోత. పోత గని... ముందుగాల పిల్ల లేవనియ్.”

“కూలోళ్లయితే ఏమైతదిలే అనుకున్నవా?”

“ఏందే? ఏం మాట్లాడుతున్నవ్?”

“నేను పొయ్యొచ్చిన ఆయన కాడికి.”

“ఎప్పుడు?”

“నువ్వు రాకముందే. మా అక్కను పిల్ల కాడ కూసోబెట్టి పోయిన. నూడుల్స్ బండి రాజేందర్ బిడ్డను గిట్ల జేస్తివని నోటికొచ్చినట్టు తిట్టిన.”

“ఏమన్నడు?”

“ఏమంటడు, చేతులు జోడించిండు. ‘నూనె మంచిదే బిడ్డా, నీ పెనిమిటి కాడనే కొంటున్న. ఒక్కపూట వాడిందే అని ఒట్టు పెట్టి మరీ ఇచ్చిండు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నోడు అబద్ధమాడతడా?’ అని నన్నే అడిగిండు.”