కోడలి పేరు మీది గీత

కొడుకు పెళ్లికార్డు కోసం దుత్తలూరు నుంచి ఒకామె ఆత్మకూరులోని డీటీపీ షాపుకు వచ్చింది.

"పాండిచ్చేరి పిల్ల, నాయనా. ఫ్రెంచి పేరు, అందులో ఇంగ్లీషు 'ఈ' మీద చిన్న గీత ఉండాది. అది లేకపోతే, అత్తకు నా పేరే తెలీదనుకుంటాది."

"కీబోర్డులో ఆ అక్షరం లేదక్కా. పెన్నుతో గీసుకోండి."

"అన్ని కార్డులకా? నువ్వొచ్చి గీస్తావా?"

"ఉండండక్కా... కార్డులో మీ ఊరి పేరుకు తెలుగు ఫాంటు తీసేసినాను, స్క్రీను మీద చూడండి."

"అయ్యో, దుత్తలూరు ఏమైపోయిందిరా? అన్నీ కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలే!"

"మా ఫాంట్లలో ఈ అక్షరాల చోట్లోనే తెలుగు అక్షరాలు కూర్చోబెట్టినారు. ఫాంటు పోతే ఇవి బయటపడతాయి. రోజూ తిట్టుకుంటా చెరిపేస్తా. ఇదిగో, మీ గీత 'ఈ'! కాపీ చేసి కోడలి పేరులో పెట్టేస్తా."

"మా ఊరి పేరులోనే దాక్కోనుండిందా! అయితే ఆ పిల్ల ఎప్పుడో మా ఊరిదైపోయింది. అచ్చెయ్యి, నాయనా."