పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారు. స్టీరింగ్ ముందు కొడుకు, పక్క సీట్లో ఆ స్కూలు నడిపే తండ్రి. నేర్చుకునేవాళ్లు తడబడితే మాస్టారు తొక్కడానికి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. లైసెన్సు పరీక్ష పెట్టే మైదానం ఊరి చివర.

“...అద్దం చూడకుండానే పక్కకి తిప్పావు.”

“చూశాను నాన్నా.”

“తల కదల్లేదు.”

“కళ్లతో చూశాను.”

“నీ కళ్లు ఎటు తిరిగాయో పరీక్ష పెట్టేవాడికి ఏం తెలుస్తుంది? తల తిప్పాలి. చూసినట్టు కనపడాలి. మెడ నొప్పి పుట్టేట్టు తిప్పాలి.”

“సరే.”

“సరే కాదు, తిప్పు. ఇప్పుడు తిప్పి చూపించు.”

“ఇప్పుడు తిప్పితే ముందున్న లారీని ఎవరు చూస్తారు?”

“నోటికేం తక్కువ లేదు. పోయినసారి ఆ ఆఫీసరు ముందు ఈ నోరు ఏమైంది? నీళ్లు నమిలావు. గేరు మార్చు, ఇంజను మూలుగుతోంది, వినపడట్లేదూ?”

“మార్చబోతున్నాను.”

“నేను చెప్పాక.”

“నువ్వు చెప్పకముందే చెయ్యి వేశాను. నువ్వే ముందు అరిచావు. ఎప్పుడూ నువ్వే ముందు.”

“ఏంటీ?”

“ఏం లేదు.”

“ఏదో అన్నావు.”

“ఏం లేదన్నాను కదా. అవునూ, ఇవాళ బెల్టు పెట్టుకున్నావేంటి? శిష్యుల పక్కన కూచుని బెల్టు పెట్టుకుంటే వాళ్లకి ధైర్యం పోతుందంటావు కదా.”

“రూలు.”

“ఈ రూలు ఇవాళే వచ్చిందా?”

“రోడ్డు చూడు.”

“రోడ్డే చూస్తున్నాను. అమ్మ వస్తానంటే ఎందుకు వద్దన్నావు? చీర కూడా మార్చుకుంది పాపం.”

“ఆవిడ వెనక కూచుని దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తుంటే నీకు చేతులాడవు.”

“పోయిన రెండుసార్లూ వచ్చిందిగా.”

“అందుకే తప్పావు.”

“ఓహో. మొదటిసారి తప్పితే ఆఫీసరుకి నీ మీద పాత కోపం అన్నావు. రెండోసారి తప్పినందుకు అమ్మ. ఈసారి ఎవరి నెత్తిన పెడతావు?”

“ఈసారి తప్పవు.”

“తప్పితే?”

“తప్పవన్నానా! సోమవారం ఆ మందుల కంపెనీ వాళ్లకి లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం ఇంకొకడికి పోతుంది. వాళ్లేం నీకోసం తలుపులు తెరుచుకుని కూచోరు. మా వైపు, మీ అమ్మ వైపు, అందరిలోకీ డిగ్రీ చదివినవాడివి నువ్వొక్కడివి.”

“తెలుసు నాన్నా. రోజూ పొద్దున పళ్లు తోముకుంటుంటే చెబుతున్నావు.”

“చెబితేనే గుర్తుండట్లేదు. మన దగ్గర నేర్చుకున్న ఆ టైలరమ్మ చూడు, సూదీ దారం తప్ప ఇంకోటి పట్టుకోని మనిషి. ఒక్క పరీక్షకే పాసయింది.”

“ఆవిడ సంగతి రోజూ భోజనం దగ్గర వింటూనే ఉన్నాను. ఇంకెందుకు, ఆవిణ్ణే దత్తత తీసుకో.”

“వయసు మళ్లింది గానీ, లేకపోతే తీసుకునేవాణ్ణే. నవ్వకు. మన స్కూలు బోర్డు మీద ఏం రాసుంది?”

“‘మా దగ్గర నేర్చుకుంటే తప్పే మాటే లేదు.’ చిన్నప్పటినుంచీ దాని కిందనుంచే బడికి వెళ్లాను.”

“మరి? ఆ బోర్డు కింద పెరిగినవాడే తప్పితే జనం ఏమంటారు?”

“ఏమంటున్నారు?”

“మొహం మీద ఏమీ అనరు. ‘మాస్టారూ, అబ్బాయికి లైసెన్సు వచ్చిందా’ అంటారు. నవ్వుతూ అడుగుతారు. ఆ నవ్వు చాలదూ?”

“నువ్వేం చెబుతున్నావు?”

“ఆఫీసరు సెలవులో ఉన్నాడంటున్నాను.”

“ఇన్నాళ్లనుంచీ సెలవా?”

“జబ్బు చేసిందన్నాను.”

“పాపం, ఆయన.”

“వెటకారం చాల్లే. ముందు స్పీడ్ బ్రేకరుంది. స్పీడ్ బ్రేకరు! ఒరేయ్, బ్రేకు—”

“వేశాను నాన్నా! తగ్గింది కదా! ఆ కాలు అలా దబదబా కొట్టకు.”

“నా కాలు నా ఇష్టం.”

“ఇవాళ మరీ ఎక్కువ అరుస్తున్నావు.”

“గొంతు బాగుంది. అరుస్తున్నాను.”

“మొన్నటిదాకా ఇంత అరిచేవాడివి కాదు. చప్పుడు చెయ్యకుండా తొక్కేసేవాడివి.”

“అదిగో, బస్సు ఆగుతోంది. దూరం ఉంచు. ఇంకా. ఇంకా దూరం.”

“ఉంచాను. దాని ముందునుంచి ఎవరైనా రావచ్చు, అదే కదా నువ్వు చెప్పేది. చూస్తూనే—”

“సైకిలు! ఒరేయ్, సైకిలు! బ్రేకు, బ్రేకు, బ్రే—”

“ఆగింది. నాన్నా, ఆగింది. కళ్లు తెరువు.”

“తెరిచే ఉన్నాయి.”

“సైకిలాయన వెళ్లిపోయాడు. మనకి చెయ్యి కూడా ఊపాడు.”

“పక్కకి తీసి ఆపు.”

“వెనకవాడు హారన్ కొడుతున్నాడు, కొంచెం ముందుకి—”

“పక్కకి తీసి ఆపరా!”

“సరే. సరే. ఆపాను.”

“హ్యాండ్ బ్రేకు.”

“వేశాను.”

“ఆ మంచినీళ్ల సీసా ఇలా ఇయ్యి.”

“ఇదిగో. మూత తీసి తాగు నాన్నా.”

“తీస్తున్నాను. తొందరేముంది?”

“ఊ, అను.”

“ఏం అనాలి?”

“ఎప్పుడూ అనేదే. ‘నేను పక్కన లేకపోతే ఏమయ్యేదిరా’ అని. ఇంతకంటే చిన్నవాటికే అంటావు. మొన్న కుక్కపిల్ల అడ్డం వస్తే ఇంటికెళ్లేదాకా అన్నావు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అమ్మకి కూడా చెప్పావు.”

“ఇప్పుడు ఓపిక లేదు.”

“అను నాన్నా.”

“అననంటుంటే!”

“నువ్వు అనాలి. ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచీ ఆ మాట కోసమే కాచుకుని కూచున్నాను. నువ్వది అనగానే నేనొకటి చెప్పాలి. రాత్రి ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. నువ్వు అనకపోతే నేనెలా మొదలుపెట్టను?”

“చెప్పాలనుకుంటే చెప్పు. నేను మొదలుపెట్టి ఇవ్వాలా దానికి కూడా?”

“అయితే విను. ఇప్పుడు బండి ఆపింది నువ్వు కాదు. నీ కాలి కింద బ్రేకు లేదు. పెడల్ ఉంది. నీకు తేడా తెలియకుండా వెనక ఒక స్ప్రింగు ఉంది. దాన్ని నా బ్రేకుకి కలిపే తీగ లేదు. నిన్న మెకానిక్ చేత షెడ్డుకి తోలించి విప్పించేశాను. విన్నావా?”

“విన్నాను.”

“నువ్వు పొద్దున్నుంచీ తొక్కిందంతా ఉత్తిదే. మన సందు మలుపులో, స్పీడ్ బ్రేకరు దగ్గర, ఇప్పుడు ఈ బస్సు దగ్గర. అన్నీ నేనే ఆపాను.”

“ఊ.”

“ఊ ఏంటి? తిట్టు. చెయ్యెత్తు. ఏదో ఒకటి చెయ్యి.”

“ఎందుకు తీయించావు?”

“పోయినసారి పరీక్షలో తెల్లగీత ఎందుకు దాటానో నన్ను ఒక్కసారైనా అడిగావా?”

“అడిగాను.”

“‘కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు’ అన్నావు. అది అడగడం కాదు.”

“సరే. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు దాటావు?”

“గీత కనపడింది. బాగా కనపడింది. కాలు బ్రేకు మీదే ఉంది. పక్కన ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. నేను... నేను ఎదురు చూశాను.”

“దేనికి?”

“నీ కాలు కోసం. నువ్వు నీ పెడల్ తొక్కితే ఇక్కడ నా పెడల్ దానంతటదే దిగుతుంది కదా. మొదటిరోజునుంచీ అంతే. నేను నొక్కుదామనుకునేలోపే అది నా అరికాలి కిందనుంచి దిగిపోయేది. నా కాలు దాని వెంట ఊరికే వెళ్లేది. ఆ రోజు అది దిగలేదు. ఇంకా దిగలేదేంటా అని చూస్తుండగానే గీత దాటిపోయింది. ఇంటికొచ్చాక ఈ మాట ఎవరికి చెప్పను? బ్రేకు ఉందని మర్చిపోయానంటే నమ్ముతారు గానీ, మా నాన్న తొక్కుతాడనుకున్నానంటే నవ్వరూ?”

“అంటే నీ పరీక్ష నేనే తప్పించానంటావు.”

“అలా అనట్లేదు.”

“అదే అంటున్నావు.”

“అయితే అదే! అదే అంటున్నాను. చిన్నప్పుడు నా అక్షరం వంకర పోతే నా చేతి మీద నీ చెయ్యి వేసి దిద్దేవాడివి. మాస్టారి కొడుకు దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పొగిడేవాళ్లు. నీ చెయ్యి తీసేస్తే నాది ఎలా ఉంటుందో నాకు తెలియదు. సైకిలు నేర్పినప్పుడు వెనక సీటు వదల్లేదు. నా స్నేహితులు వీధంతా తిరుగుతుంటే మనిద్దరం పరిగెత్తుకుంటూ... కాలేజీ అప్లికేషను నువ్వే నింపావు. సంతకం మాత్రం నన్ను చెయ్యమన్నావు. అదైనా ముందు వేరే కాగితం మీద చేయించి చూశావు.”

“తప్పు పోకూడదని.”

“పోతే ఏమవుతుంది?”

“పోతే ఏమవుతుందా? నీకు తెలియదు. ఉన్నవాళ్ల పిల్లలు ఒకసారి తప్పితే, పాపం ఆ రోజు ఒంట్లో బాగుండలేదేమో అంటారు. మనవాళ్లు తప్పితే, వీళ్లింతేగా అంటారు. నేను విన్నాను ఆ మాట. నా వెనక కాదు, నా ముందే అన్నారు. నువ్వు వినకూడదనుకున్నాను. అంతే. అంతకుమించి నాకేం లేదు.”

“బయటివాళ్లు అనకుండా నువ్వే రోజూ అన్నావు కదా నాన్నా. కోపంతో అనట్లేదు.”

“కోపంతోనే అన్నావు. పర్లేదు. ఆ సైకిలాయనకి ఏమైనా అయ్యుంటే?”

“కాలేదు.”

“అయ్యుంటే అంటున్నాను.”

“అయ్యుంటే నా తప్పు. పూర్తిగా నాదే. కానీ ఇప్పుడు కాలు నొక్కినప్పుడు ఎవరికోసమూ చూడలేదు నాన్నా. నొక్కేశాను. నీకు చెప్పినా అర్థం కాదు, నాకు... సరే పోనీ. నువ్వు ఇక్కడ దిగిపోతానంటే దిగిపో. లైసెన్సున్నవాళ్లు పక్కన లేకుండా నేను నడపకూడదు. బండి ఇక్కడే పెట్టేసి ఇంటికెళ్లిపోదాం. ఉద్యోగం పోతే పోతుంది. సాయంత్రం ఆ తీగ మళ్లీ తగిలించేస్తాను, నీ శిష్యుల బండి కదా.”

“పోనియ్.”

“ఏంటి?”

“టైమవుతోంది. పోనియ్.”

“బ్రేకు లేదని చెప్పాను కదా.”

“నాకేం చెవుడా? ఇండికేటరు వెయ్యి. అద్దంలో... సరే, నీ ఇష్టం. పోనియ్.”

మైదానం గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి.

“వచ్చేశాం. బస్సు స్టాపు దగ్గరనుంచి ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు.”

“మాట్లాడ్డానికి ఏముంది? బాగానే నడిపావు.”

“బాగానేనా?”

“ఇక్కడ ఆపడం కొంచెం వంకరగా ఆపావు.”

“నాన్నా!”

“వంకరగానే ఉంది మరి. అబద్ధం చెప్పమంటావా? ఉండనియ్, దిద్దకు.”

“మన నంబరు పిలుస్తున్నారు. దిగు. లోపలికి నువ్వు రాకూడదు.”

“నాకు చెబుతున్నావా? సగం ఊరిని ఈ గేటు దాకా తెచ్చినవాణ్ణి. దిగుతున్నాను. ఈ తలుపు... రావట్లేదు.”

“వస్తుంది. గట్టిగా లాగు.”

“లాగుతున్నాను.”

“ఉండు, నేను తీస్తాను. నాన్నా, ఏంటి నీ చేతులు ఇలా వణుకుతున్నాయి?”

“ఏం కాదు. లోపలికి వెళ్లు, ఆఫీసరు చూస్తున్నాడు.”

“ఆయన్ని ఉండనియ్. సైకిలు చూసి భయపడ్డావా? నేను చెప్పింది విని భయపడ్డావా? చెప్పకుండా ఉండాల్సింది. ఇంటికెళ్లాక చెప్పాల్సింది.”

“నువ్వు చెప్పకముందునుంచీ వణుకుతూనే ఉన్నాయి. ఇంటి దగ్గర కారెక్కినప్పటినుంచీ.”

“ఎందుకు? నీకు అప్పటికి తెలియదు కదా.”

“ఆ మెకానిక్ నా దగ్గర నేర్చుకున్నవాడురా. నిన్న నువ్వు షెడ్డు ముందు బల్ల మీద కూచుంటే, వాడు వెనక్కి వెళ్లి నాకు ఫోన్ చేశాడు. నేను విప్పమన్నాకే పానా చేతబట్టాడు.”